దిగే చోట చూపించమన్న మావయ్య

మావయ్య పోయాడని అత్తయ్య ఫోను చేసినప్పుడు నేను యూనిఫాం వేసుకుని, ఆరోజు మేము నడపవలసిన విమానం కాగితాలు చూసుకుంటున్నాను.

"అమ్మడూ, మీ మావయ్య ఎల్లిపోయినాడే. టీ తాగుతూ గ్లాసు కింద పెట్టినాడు, తల వాల్చీసినాడు. అంతే," అంది. గొంతులో ఏడుపు లేదు. ఇంకా నమ్మకం కుదరని మనిషి మాట్లాడినట్టు ఉంది.

ఫోను పెట్టేసి మళ్లీ కాగితాలు చేతిలోకి తీసుకుంటే ఒక్క అంకె కూడా తలకెక్కలేదు. కెప్టెన్ దగ్గరికి వెళ్లి, "సార్, ఇవాళ నేను సీట్లో కూర్చోకూడదు," అన్నాను. ఆయన కారణం అడిగి, నా భుజం తట్టి, వేరే మనిషికి కబురు పెట్టాడు. ఆ మాట చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టలేదు. అదే మాట చెప్పడానికి మావయ్య ఎంత నలిగిపోయాడో నేను దగ్గరుండి చూశాను. ఆ నలగడంలో నా చెయ్యి కూడా ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా మావయ్య ఖరగ్‌పూర్‌లో మెయిలు బళ్లు నడిపే డ్రైవరు. నాన్న పోయాక అమ్మనూ నన్నూ పూరీ గేట్ దగ్గరి తన క్వార్టర్లోకి తెచ్చుకున్నాడు. వాళ్లకు పిల్లలు లేరు. నేను వాళ్లింట్లో పెరిగానని అనను, మా ఇంట్లోనే పెరిగాను. డ్యూటీకి బయల్దేరే ముందు ఆయనకో అలవాటు ఉండేది. బూట్లు తొడుక్కుని పదినిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చునేవాడు. ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే, "ఇంటిని దింపుకోవాల కాదేటి. నేపోతే అది కూడా నాతో ఇంజినెక్కీసుద్ది," అన్నాడు.

నేను విమానం నేర్చుకుంటానంటే ఖరగ్‌పూర్‌లో నవ్వనివాళ్లు తక్కువ. మావయ్య నవ్వలేదు. ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనం సంగతి ఎక్కడో విని, ఫారాలు తెచ్చి, నాతో నింపించి, పోస్టు చేసింది ఆయనే. సీటొచ్చింది. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో చేరాను. మొదట్లో అంతా బాగానే ఉంది. తర్వాత ముళ్ల మీద నడపడం మొదలైంది. బయట ఏమీ కనబడకుండా నుదుటికి ఒక తొడుగు కడతారు. ఎదురుగా ఉన్న ముళ్లు మాత్రమే చూసుకుంటూ మబ్బులో ఉన్నట్టు నడపాలి. ఎత్తు చెప్పేది ఒకటి, వేగం చెప్పేది ఒకటి, దిక్కు చెప్పేది ఒకటి. కళ్లు ఒకదాని మీంచి ఒకదాని మీదికి తిరుగుతూనే ఉండాలి.

నా కళ్లు తిరగలేదు. దిక్కు ముల్లు సరిచేస్తూ సరిచేస్తూ దానికే అతుక్కుపోయాను. ఎత్తు పడిపోతోందని నాకు తెలియనే లేదు. ఇన్‌స్ట్రక్టర్ నా చేతిలోంచి కంట్రోలు లాక్కుని తొడుగు పీకేశాడు. తాటిచెట్ల తలలు నేనెన్నడూ చూడనంత దగ్గరగా కనిపించాయి. కిందికి దిగాక ఆయన కోప్పడలేదు. "మూడు వారాల్లో మళ్లీ పరీక్ష. అప్పుడూ ఇలాగే అయితే నీ పేరు తీసేస్తారు, నేనే రాస్తాను," అన్నాడు. ఈలోగా నేర్చుకుందామంటే క్లబ్బుకున్న ఒక్క విమానమూ మరమ్మతుకు వెళ్తోంది. అక్కడి సీనియర్ ఒకామె నా చేతిలో నాలుగు ఫ్లాపీలు పెట్టి, "వీటిలో విమానం నడిపే ప్రోగ్రాం ఉంది. మంచి కంప్యూటర్ దొరికితే ముళ్లన్నీ కనిపిస్తాయి, ఇంటి దగ్గర సాధన చెయ్యి," అంది. అవి పట్టుకుని ఖరగ్‌పూర్ రైలెక్కాను. తొంభైల నడుమ మాట ఇది. మా క్వార్టర్లలో టీవీ లేని ఇళ్లే చాలా ఉండేవి, ఇంక కంప్యూటర్ ఎవరింట్లో ఉంటుంది?

మావయ్య ఫ్లాపీలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈటి మీద ఇమానం ఉన్నాదా?" అన్నాడు. జరిగింది చెప్పాను. తాటిచెట్ల సంగతి కూడా చెప్పాను. అమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య మాత్రం, "రేపు రెస్టు నాకు. ఇందా ఎల్దాం," అన్నాడు.

ఇందా మా ఊళ్లోనే ఒక పేట. అక్కడ బస్సులు ఆగే రోడ్డు మీద కొత్తగా ఒక కంప్యూటర్ సెంటర్ తెరిచారు. గంటకింతని ఇస్తే కూర్చోనిచ్చేవాళ్లు. వాళ్ల దగ్గరున్నవి త్రీ-ఎయిటీ-సిక్స్‌లు, అప్పటికే పాతబడిన రకం. ప్రోగ్రాం ఎక్కింది, విమానం లేచింది, నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ బొమ్మ సాఫీగా కదలదు. ఒక బొమ్మ, ఆగడం, ఇంకో బొమ్మ. నేను మీట నొక్కితే విమానం ముక్కు కాసేపటికి లేస్తుంది.

మావయ్య నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు. "నువ్వు మీట నొక్కినావు. అది ఎప్పుడు కదిలినాది?"

"ఒక సెకను తరవాత."

"ఆ సెకన్లో నువ్వేటి సేసినావు?"

ఆలోచించాను. "ఇంకాస్త నొక్కినాను."

"అదే సెప్తున్నాను. ఇది నీకు ఎక్కువ నొక్కడం నేర్పుతాది. సెయ్యి ఒకసారి తప్పు నేర్సుకుంటే మరిపించనేం. లే." ఇంకా అరగంట మిగిలి ఉన్నా నన్ను లేపేశాడు.

దారిలో చెప్పాడు. రైలుకు కూడా బ్రేకు వేసిన తరవాత బండి పట్టుకోడానికి కొంత సమయం పడుతుందట. ఆ సమయం ఎంతో డ్రైవరు ఒంటికి తెలియాలట. "అయితే అది బండి తీసుకునే టైము. మిసన్ బాగునేక తీసుకునే టైముకి నువ్వు అలవాటు పడితే సచ్చిపోతావు." ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో, నాకంత భయం వేసింది. ఇంటికి కంప్యూటర్ కొంటానని అక్కడే, రిక్షాలోనే అనేశాడు. డబ్బు ఎక్కడిదంటే, నీకనవసరం అన్నాడు.

మధ్యలో రెండ్రోజులు ఆయన బండి మీద వెళ్లొచ్చాడు. తర్వాత గోల్‌బజార్ వెళ్లాం. టీవీలు బాగుచేసే ఒక బెంగాలీ దాదా (అక్కడ అన్నా అన్నట్టు అందర్నీ అలాగే పిలుస్తారు), కలకత్తా నుంచి విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు కూడా బిగించి అమ్ముతున్నాడని మావయ్యకు తెలిసింది. కొట్లో రెండే ఉన్నాయి. ఒకటి కొత్తది, తెల్లగా మెరుస్తోంది. రెండు పక్కలా స్పీకర్లు, సీడీ పెట్టే సొరుగు, పెద్ద కలర్ మానిటర్. రెండోది ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్నది. డబ్బా పసుపు తిరిగింది, శబ్దమే లేదు, మానిటర్ చిన్నది. రెండూ ఇందాలోవాటికన్నా మెరుగైన ఫోర్-ఎయిటీ-సిక్స్‌లే. దాదా చెయ్యి కొత్తదాని మీంచి తియ్యలేదు.

కొత్తదానిలో నా ఫ్లాపీలు ఎక్కించాడు. ఆటలాడుకునే కర్ర, జాయ్‌స్టిక్ ఒకటి తగిలించాడు. సముద్రం మీద విమానం వెన్నమీద జారినట్టు పోయింది. ఇంజను చప్పుడు కూడా వినిపించింది. "చూడు దాదా, మరి దీనికేం తక్కువ?" అన్నాడు కొట్టాయన బెంగాలీలో.

"సముద్రం మీద ఏటున్నాది, నీలం రంగు తప్ప," అని నాతో అని, ఆయనతో బెంగాలీలో అన్నాడు మావయ్య: "దిగే చోట చూపించండి. ఊరు, ఇళ్లు, రన్‌వే, పైన మబ్బులు. అన్నీ పెట్టి చూపించండి."

కొట్టాయన మొహం మారింది. అన్నీ పెట్టించాం. ఊరు దగ్గరపడేసరికి తెల్లని కొత్త డబ్బా ఆయాసపడింది. ఇందాలో చూసినట్టే బొమ్మ ఆగి ఆగి కదిలింది. నేను కర్ర లాగిన తర్వాత రన్‌వే ఒక్కసారిగా ఎగిరి మీదకొచ్చింది.

రెండోది చూపించమన్నాడు మావయ్య. కొట్టాయన విసుక్కుంటూ తగిలించాడు. అది ఇంకా అన్యాయంగా ఉంది. నా ఉత్సాహం చచ్చిపోయింది. అప్పటికి కొట్లో జనం చేరారు. రేడియో తెచ్చుకున్న ఒకాయన, "దాదా, ఇక్కడ విమానాలు తర్వాత నడుపుకోవచ్చు," అన్నాడు. నాకు లేచిపోదామని ఉంది. మావయ్య కదల్లేదు. డబ్బా ముందుభాగం మీద వేలు పెట్టి తడిమి, "ఈ బొత్తామేటి?" అన్నాడు. దాని పక్కన చిన్న ఎర్రదీపాల్లో ముప్పై మూడు అని ఉంది.

"అది వేగానికి," అన్నాడు కొట్టాయన, వేరే వైపు చూస్తూ.

మావయ్య నొక్కాడు. ముప్పై మూడు అరవై ఆరు అయింది. నేను మళ్లీ అదే ఊరి మీదికి, అవే మబ్బుల్లోకి తీసుకెళ్లాను. ఇళ్లు వచ్చాయి, రన్‌వే వచ్చింది. నా చెయ్యి ఎటు కదిలితే నేల అటు వాలింది. దానిలో మెమరీ రెట్టింపు ఉందనీ, బొమ్మ గీసే కార్డు మంచిదనీ కొట్టాయన అప్పుడు చెప్పాడు.

ఇదంతా గెలుపులా రాస్తున్నాను గాని, ఆరోజు సంగతి అది కాదు. మావయ్య నా వెనకే నిలబడి మాటిమాటికీ, "ఎత్తెంతున్నాది? ఏగం ఎంత?" అని అడుగుతున్నాడు. నన్ను పరీక్షిస్తున్నాడనుకున్నాను. ఒకసారి కంగారులో రెండు వేల అడుగుల్ని పన్నెండు వందలని చెప్పాను. తప్పు వెంటనే తెలిసింది, దిద్దుతాడని ఆగాను. ఆయన దిద్దలేదు. చిన్న పొరపాటు కూడా వదలని మనిషి, నా భుజం మీదుగా వంగి తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి, "ఊ" అన్నాడు.

నాకు అనుమానం తగిలింది. ఇంకోసారి కావాలనే అబద్ధం చెప్పాను. ఎక్కడం దిగడం చెప్పే ముల్లు కిందికి వాలిపోయి ఉంది. "పైకెక్కుతున్నాం, మావయ్యా," అన్నాను.

"మంచిది. ఎక్కనీ," అన్నాడు.

నేల పెద్దగా ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి అది ఆయనకు కనిపిస్తోంది. ముళ్లు కనిపించడం లేదు. ఎల్లుండి ఆయనకు మెయిలు బండి డ్యూటీ ఉంది.

ఇంటికొచ్చాక నేనేమీ మాట్లాడలేదు. ఆరోజూ, మర్నాడూ మాట్లాడలేదు. డ్రైవర్ల కంటిపరీక్ష మళ్లీ ఏడాదికి గాని లేదని నాకు తెలుసు. ఆయన ఇంజను దిగితే ఆయనకేం మిగులుతుందో కూడా తెలుసు. భోజనం దగ్గర అత్తయ్య చేపముల్లు తీసి ఆయన కంచంలో వేస్తుంటే చూశాను. ఎప్పటినుంచి తీస్తోంది? ఆమెకు తెలుసా? అడగలేకపోయాను. క్లబ్బులో దిక్కు ముల్లుకు అతుక్కుపోయినట్టే, ఆయన మొహానికి అతుక్కుపోయి ఇల్లంతా తిరిగాను.

మూడోరోజు మధ్యాహ్నం కాల్ మేన్ వచ్చాడు. డ్రైవర్లకు డ్యూటీ కబురు తెచ్చే మనిషి. ఆయన తెచ్చే పుస్తకంలో బండి పేరూ టైమూ రాసి ఉంటాయి, చదివి సంతకం పెట్టాలి. అత్తయ్య అప్పటికే మావయ్య డ్యూటీకి పట్టుకెళ్లే లైన్ పెట్టె సర్దేసింది. మావయ్య కుర్చీలోంచి లేచి, పెన్ను అందుకుని, కాల్ మేన్ వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టబోయాడు.

నేను గుమ్మంలో ఉన్నాను. అక్కణ్ణుంచే అన్నాను: "మావయ్యా, అందులో ఏటి రాసుందో సదువు."

పెన్ను ఆగింది. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, "ఏటే ఆ మాటలు?" అంది. కాల్ మేన్ పుస్తకం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు. మావయ్య నా వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం ఉందని నేనప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ అది కోపం కాదని చెప్పలేను.

ఆయన పుస్తకం కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరం పెట్టాడు. మళ్లీ దగ్గరికి తెచ్చాడు. పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు అంతసేపూ వినబడుతూనే ఉంది. చివరికి పుస్తకం మూసి కాల్ మేన్‌కిచ్చేశాడు.

"నేను ఎక్కను. సిక్ రాయి. ఇంకోడికి కాల్ ఇయ్యి, టైమున్నాది," అన్నాడు.

కాల్ మేన్ వెళ్లాక అరుగు మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. అప్పుడు చెప్పాడు. సిగ్నల్ కనబడగానే డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ దాని రంగు పైకి చెప్పుకోవాలి. "మూడు నెలలైనాది. ముందు ఆడు సెప్తున్నాడు, ఎనకాల నేను సెప్తున్నాను. ఆడికి తెల్దు. ఆడు గాని ఏమరితే, ఎనకాల పద్దెనిమిది పెట్టెలు." అని, "నువ్వు అడక్కపోతే ఎక్కీసేవోణ్ణే," అన్నాడు.

మర్నాడు రైల్వే ఆసుపత్రిలో, షుగరు వల్ల కంటి వెనక నరాలు దెబ్బతిన్నాయని చెప్పారు. బండి నడపడానికి పనికిరాడని కాగితం రాయడం తర్వాత జరిగింది గాని, అది ఆయనకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది. ఆసుపత్రి నుంచి నేరుగా గోల్‌బజార్ వెళ్లాడు. పసుపు తిరిగిన డబ్బాను రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అత్తయ్య దాని వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. నేను మళ్లీ క్లబ్బుకు వెళ్లేదాకా ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టేది. పరాయి మనిషి ముందు ఆయన్ని అలా నిలబెట్టకుండా ఉండాల్సిందని ఈనాటికీ అనుకుంటాను. ఒంటరిగా చెప్పి ఉంటే వినేవాడా అన్నదానికి జవాబు దొరకదు.

భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టాం. మిగిలింది పన్నెండు రోజులు. మావయ్య పక్కన కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"నాకు కనబడదు. నువ్వు పైకి సెప్పు," అన్నాడు.

"ఏటి సెప్పాల?"

"అన్నీ. ఏ ముల్లు సూస్తే ఆ ముల్లు. సిగ్నల్ సెప్పినట్టు సెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. ఎత్తు రెండు వేలు. వేగం తొంభై. దిక్కు రెండొందల డెబ్భై. మళ్లీ ఎత్తు. అంకెలు వింటూ ఆయన తలలో విమానం నడిచేదనుకుంటాను. ఎక్కడైనా నేను ఒకదానికి అతుక్కుపోతే చెయ్యెత్తేవాడు. "ఎత్తు సెప్పి సాలాసేపైనాది. ఎక్కడున్నాం మనం?" చూస్తే మూడొందల అడుగులు దిగిపోయి ఉండేవాళ్లం. ఒక్కోసారి నేను ఏడ్చేదాన్ని. "ఏడుపు తరవాత. ఏగం సెప్పు," అనేవాడు. రోజుకు ఆరేడు గంటలు. మబ్బుల్లోనే, ఎప్పుడూ దిగే చోటే. నాలుగోరోజు నుంచి ఆయన చెయ్యి తక్కువ లేచింది. పదోరోజు ఒక్కసారి కూడా లేవలేదు. ఆ పూట ఆయన నన్ను మెచ్చుకోలేదు. "గొంతు ఎండిపోనాది, నీళ్లు తాగు," అన్నాడు.

పరీక్ష రోజు తొడుగు కట్టుకుని గాల్లోకి లేచాక నా పెదాలు వాటంతటవే కదిలాయి. ఇన్‌స్ట్రక్టర్ హెడ్‌ఫోన్లో, "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా ఎత్తు చెప్పాను, వేగం చెప్పాను. తొడుగు తియ్యమన్నప్పుడు రన్‌వే సరిగ్గా ముక్కుకెదురుగా ఉంది. కిందికి దిగాక ఆయన, "ఆ గొణుగుడు మానకు," అన్నాడు.

ఫోను చేసి చెబితే మావయ్య "సరే" అని అత్తయ్యకిచ్చాడు. ఆమె అప్పుడు మాట్లాడింది. "అన్నం తిన్నావేటే?" అంది.

రైల్వేవాళ్లు మావయ్యకు డ్రైవర్లు డ్యూటీకి హాజరు వేసుకునే గదిలో పని ఇచ్చారు. సంతోషంగా చేశాడని రాస్తే అబద్ధమవుతుంది. మొదటి ఏడాది నన్ను రైలెక్కించడానికి స్టేషనుకు కూడా రాలేదు. తర్వాత్తర్వాత కుర్ర డ్రైవర్లు ఆయన బల్ల దగ్గర ఆగడం మొదలుపెట్టారట. వాళ్లతో ఒకటే మాట అనేవాడని అత్తయ్య చెప్పింది: "కనబడకపోతే కనబళ్లేదని సెప్పండ్రా. నేను ఆలిస్సం సేసినాను." తన పేరు మీదనే చెప్పుకునేవాడు. నా పేరు ఎప్పుడూ ఎత్తలేదట.

నేను వెళ్లేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. ఆదివారం అత్తయ్యతో చర్చికి వెళ్లాను. ఎప్పుడూ కూర్చునే వరసలో గోడవైపు మావయ్య చోటు వదిలి ఆమె కూర్చుంది. నేను ఆమెకు ఇవతల కూర్చున్నాను. పాట మొదలవగానే అందరితోపాటు లేచి పాటల పుస్తకం తెరిచింది. పేజీ వెతికి, ఎడం చేత్తో పుస్తకాన్ని గోడవైపుకు కాస్త వంచి, పక్కన ఇంకొకరికి కూడా అక్షరాలు కనబడేలా పట్టుకుంది. పాటంతా అయ్యేదాకా అలాగే పట్టుకుని ఉంది.